భయరేఖ లేని గోడలు

కరీముల్లా మొదటిసారి విశాఖపట్నం వచ్చిన రోజున హైమావతి తన ల్యాబులో ఒక పాత గోడ పెచ్చును పొరలు పొరలుగా విడదీస్తోంది. తలుపు దగ్గర మనిషి నిలబడ్డాడని తెలిసినా చేతిలో పని ఆపలేదు. సున్నపు పొర ఒకసారి విడివడ్డాక మధ్యలో వదిలేస్తే అందులో ఉన్నదంతా గాలికి పోతుంది. ఆయన గుంటూరు మనిషి. అంతర్జాతీయ న్యాయం చదివి, యూరప్‌లో ఒక కొత్త ఒడంబడిక ముసాయిదా తయారుచేస్తున్న సంఘంలో సలహాదారుగా ఉన్నాడు. పనికి అడ్డం రాకుండా స్టూలు లాక్కుని కూర్చుని, ఆమె చేస్తున్నదంతా చివరిదాకా చూశాడు.

పక్కనున్న యంత్రం తెర మీద ఒక గీత నెమ్మదిగా పాకుతూ వచ్చింది. చాలాదూరం చిన్న చిన్న ఎత్తుపల్లాలతో నడిచి, ఒకచోట నిట్టనిలువుగా లేచింది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ పెచ్చు తుపానులో పాడుబడిన ఒక బెస్తవాళ్ళ ఊరిలోనిదని హైమావతి చెప్పింది. మనిషి హడలిపోయినప్పుడు చెమటలో, ఊపిరిలో మామూలప్పుడు ఉండని పదార్థాలు కొన్ని బయటికొస్తాయి. కోపానికీ, ఏడుపుకీ, సంబరానికీ కూడా కొంచెం కొంచెం వస్తాయి. మన ముక్కుకి తెలియవు గానీ కుక్కలు పసిగడతాయి. గోడకు వేసిన సున్నం వాటిని పీల్చుకుని తనలో బిగించుకుంటుంది. మళ్ళీ ఏడు పండక్కి వేసే వెల్ల వాటిమీద మూతలా పడుతుంది. అలా ఒక ఇంటి గోడలో ఆ ఇంటివాళ్ళ బతుకు ఏటికొక పొరగా ఉండిపోతుంది. పాత కట్టడాల చెమ్మ గురించి పరిశోధిస్తుంటే అనుకోకుండా ఇది బయటపడింది. నిలువుగా లేచిన గీతకు ఆమె భయరేఖ అని పేరు పెట్టుకుంది.

కరీముల్లా అడిగింది ఒకటే. మనుషులు వాళ్ళంతట వాళ్ళు వెళ్ళిపోయిన ఇంటికీ, తరిమేస్తే పోయిన ఇంటికీ తేడా ఆ గోడ చెప్పగలదా?

చెప్పగలదనే అనుకుంటున్నానంది హైమావతి. ఎందుకని అడిగింది.

"చంపితే దానికో పేరుందండీ. ఒక జాతే మిగలకూడదని చంపితే ఇంకో పేరుంది. కానీ ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించి, అక్కడ ఒక్క జాతివాళ్ళే ఉండేట్టు చేశారనుకోండి, దానికి చట్టంలో సొంత పేరు లేదు. ముక్కలు చేసి, బలవంతపు తరలింపని కాస్త, వేధింపని కాస్త ఎక్కడెక్కడో సర్దుతారు. పేపర్లవాళ్ళేమో జాతి ప్రక్షాళన అంటారు, పాదాలు కడిగినట్టు. ఆ మాట తరిమినవాళ్ళు పెట్టుకున్నది. అనుభవించినవాళ్ళది కాదు."

దాన్ని విడిగా ఒక నేరంగా నిర్వచించాలని వాళ్ళ సంఘం ఎన్నాళ్ళనుంచో ప్రయత్నిస్తోంది. ప్రతిసారీ ఏదో ఒక దేశం లేచి, వాళ్ళంతట వాళ్ళే వలసపోయారు, బలవంతమని రుజువేమిటి అంటుంది. సాక్షులు చెప్పిందానికి ఎదురుసాక్షులు వస్తారు. కొలిచి చూపించగలిగేది ఒకటి దొరికితే చాలు, సంతకాలు పెడతామని కొన్ని దేశాలు మాటిచ్చాయట. అదంతా చెబుతున్నప్పుడు ఆయన గొంతులో, తన జీవితంలో ఒక పని పూర్తవుతుందేమోనన్న ఆశ వినిపించింది. హైమావతి ఒప్పుకుంది.

కొలబద్ద కావాలంటే రెండు రకాల ఇళ్ళు కావాలి. కత్తులు చూసి పారిపోయినవాళ్ళ ఇళ్ళు ప్రపంచంలో వెతక్కుండానే దొరికాయి. ఇష్టపడి వెళ్ళిపోయినవాళ్ళ ఇళ్ళు దొరకడమే కష్టమయింది. గని మూతబడితే వేరేచోట మంచి పని చూసుకుని కదిలిపోయిన ఒక పట్నం నుంచి కొన్ని పెచ్చులు తెచ్చింది. అవి చాలలేదు. అప్పుడు ఆమెకు రంగూన్ గుర్తొచ్చింది.

హైమావతి తల్లి పైడితల్లమ్మ రంగూన్‌లోనే పుట్టింది. పైడితల్లమ్మ తండ్రికి అక్కడ తెలుగువాళ్ళ వీధిలో పచారీ కొట్టు ఉండేది. ఆమె చిన్నపిల్లగా ఉండగానే వీధి వీధంతా ఓడెక్కి విశాఖ వచ్చేసింది. ఎనభయ్యో ఏట పడ్డా ఆవిడ ఇప్పటికీ కొబ్బరిపాలు పోసి బర్మా పద్ధతిలో నూడుల్స్ వండుతుంది. ఆ వీధిలో వాళ్ళంతా సొంతంగా అర్జీలు పెట్టుకుని వెళ్ళారనే ఎక్కడ చదివినా ఉంది. గొడవలు జరిగినట్టు ఎక్కడా లేదు. హైమావతి అనుమతులు సంపాదించి, తల్లిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. అమ్మకు పుట్టిన ఇల్లు చూపించినట్టూ ఉంటుందనుకుంది.

కొట్టు ఉన్న ఇల్లు ఇంకా నిలిచే ఉంది. కింద సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు పెట్టారు. పైడితల్లమ్మ మెట్ల దగ్గర ఆగిపోయి, తండ్రి కూర్చునే చోటు చూపించింది. పైగదిలో గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. హైమావతి ఆ పక్కనే పెచ్చు తీస్తూ, మీరు వెళ్ళిపోయేటప్పుడు ఎవరైనా కొట్టారా, బెదిరించారా అని అడిగింది.

"నేదమ్మా," అంది పైడితల్లమ్మ. ఇంకేదో చెప్పబోయి, కూతురి చేతిలో చిన్న రంపం చూసి ఊరుకుంది.

రంగూన్ గోడల్లో, వాళ్ళు వెళ్ళిపోయిన నాటి పొరల్లో, భయరేఖ లేదు. వాటిని ఇష్టపడి వెళ్ళిపోయిన ఇళ్ళ కింద చేర్చింది. గని పట్నానివి కొన్నే, ఇవి ఎక్కువ. ఈ రెంటి సగటునే మామూలు స్థితిగా పెట్టుకుని, అక్కడినుంచి గీత ఎంత లేస్తే బలవంతం అనాలో లెక్క కట్టింది. నిర్దోషి ఎవడూ పొరపాటున కూడా దొరకకూడదని గీత హద్దును కాస్త ఎత్తులోనే పెట్టింది. అది తన నిజాయితీ అనుకుంది. తోటి శాస్త్రవేత్తలు కూడా అలాగే అన్నారు.

ఒడంబడిక ఆమోదం పొందిన రోజున కరీముల్లా ఫోన్ చేశాడు. నేరానికి పేరు వచ్చింది మేడమ్ అన్నాడు. ఆ నిర్వచనం మొదటి ముసాయిదాలో ఒక వాక్యం ఉండేది. బతకలేని పరిస్థితులు కల్పించి వెళ్ళిపోయేలా చేయడం కూడా ఈ నేరమే అని. చివరి చర్చల్లో దాన్ని తీసేశారు. కొలిచే సాధనం ఉండగా అంత వదులుగా ఉన్న మాట ఎందుకన్నారు. పోతే పోయిందిలే, తక్కినదంతా దక్కింది కదా అనుకున్నాడు కరీముల్లా. హైమావతికి ఆ వాక్యం సంగతి అప్పటికి తెలియనే తెలియదు.

మొదటి కేసు మిరాన్ తీరానిది. సైనికులు ఊళ్ళు తగలబెట్టి జనాన్ని తరిమిన సంగతి అందరికీ తెలుసు. కానీ ఆ సేనాని ఎప్పటినుంచో తప్పించుకు తిరుగుతున్నాడు. అక్కడి మొండిగోడల్లో భయరేఖ కత్తిలా నిలబడింది. సేనానికి శిక్ష పడింది. మిరాన్ ప్రజల్ని ఎక్కువమందిని బోనెక్కించే పని కూడా పడలేదు. ఆ వారమంతా పైడితల్లమ్మ వీధిలో కనిపించినవాళ్ళందరికీ మా అమ్మీ ఎవుడినో జైలుకంపింది అని చెప్పుకుంది.

తర్వాత తొరేనా లోయ కేసు వచ్చింది.

ఆ కొండ దేశంలో తొరేనా జనం వేరే భాష మాట్లాడతారు, వేరేగా మొక్కుకుంటారు. మిరాన్ తీర్పు తర్వాత కొన్నేళ్ళలోనే లోయలోని పల్లెలన్నీ ఖాళీ అయిపోయాయి. ఒక్క తుపాకీ పేలలేదు. హైమావతి మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్ళి ఇల్లిల్లూ తిరిగి పెచ్చులు తీసింది. కిటికీలకు గాజులు పగల్లేదు. వంటిళ్ళలో గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఏ గోడలోనూ భయరేఖ కనిపించలేదు. యంత్రం చెడిందేమోనని మళ్ళీ మళ్ళీ చూసింది. చెడలేదు.

విచారణలో ఇల్మా అనే ఆవిడ సాక్ష్యం చెప్పింది. లోయలోని బడిలో భూగోళం పాఠాలు చెప్పిన టీచరు. ముందు బస్సు రావడం మానేసిందని చెప్పింది. తర్వాత మందులషాపు మూసేశారు. బడిలో మా భాష ఆపేశారు. పెళ్ళిళ్ళు నమోదు చేయడం మానేశారు. పొలం కాయితాలు తిరగరాయమంటే సంబంధించిన అధికారి సెలవులో ఉన్నాడనేవారు. ఎవరూ గట్టిగా ఒక మాట కూడా అనలేదు. అధికారులు కుర్చీ వేసి, టీ ఇచ్చి పంపేవారు.

నిందితుల తరపు న్యాయవాది హైమావతిని ఒకే ప్రశ్న అడిగాడు. సాక్షి ఇంటి గోడలో భయరేఖ ఉందా?

"లేదు," అంది హైమావతి. ఇంకా చెప్పాలని నోరు తెరిచింది. అడిగినదానికే జవాబు చెప్పమన్నారు న్యాయమూర్తి. ఆ జవాబు ఆమె అప్పటికే చెప్పేసింది.

ఒడంబడిక నిర్వచనం ప్రకారం నేరం జరగలేదని తీర్పు వచ్చింది. అంతటితో ఆగలేదు. గోడలు నిర్మలంగా ఉన్నాయి కాబట్టి ఆ ప్రజలు స్వచ్ఛందంగా వెళ్ళినట్టు శాస్త్రీయంగా తేలిందని కూడా రాశారు. మిరాన్ కేసు తర్వాత తొరేనా లోయ ఉన్న దేశపు పెద్దలు హైమావతి వ్యాసాలన్నీ తెప్పించుకుని చదివారనీ, ఎవరూ భయపెట్టకూడదని కిందివాళ్ళకు గట్టిగా చెప్పారనీ కరీముల్లా న్యాయస్థానం వరండాలో తలవంచుకుని చెప్పాడు.

వరండా చివర బల్ల మీద ఇల్మా ఒక్కతే కూర్చుని ఉంది. హైమావతి దుబాసీని తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళింది. యంత్రం పొరపాటు పడి ఉండాలి అంది.

ఇల్మా కోపంగా చూడలేదు. "పొరపాటు లేదు. అది సరిగ్గానే చెప్పింది. నేను భయపడలేదు. అలిసిపోయాను," అంది. వెళ్ళిపోయే వారం కిటికీ పరదాలు ఉతికి ఆరేసి, మళ్ళీ తగిలించి వచ్చానని చెప్పింది. ఎందుకలా చేసిందో తనకే తెలియదంది.

ఇంటికి తిరిగొచ్చిన మర్నాడు వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ హైమావతి ఇదంతా తల్లికి చెప్పింది. పరదాల మాట దగ్గరికి వచ్చేసరికి పైడితల్లమ్మ చేతులాగిపోయాయి. మా అమ్మా అలాగే చేసిందంది. హైమావతికి అర్థంకాలేదు. ఎక్కడని అడిగింది.

"రంగూన్లోనే. మరెక్కడ? మా అయ్య కొట్టుకి లైసెన్సు మళ్ళీ రాయనేదు. రాయం అని కూడా అన్నేదు. రేపు రా అన్నారు. ఎల్తే మళ్ళీ రేపు రమ్మన్నారు. బళ్ళో నా పేరు పిలడం మానీసినారు. ఎదురింటావిడ రోజూ మా కుళాయికొచ్చి నీల్లట్టుకెళ్ళేది, అదీ రావడం మానీసింది. ఎవుల మీద కోపం రావాల? ఆకరికి మా అయ్యే ఎల్లి టిక్కెట్లు కొన్నాడు. మా అమ్మ ఇల్లు కడిగి, గుమ్మంలో ముగ్గెట్టి, తలుపేసింది. మేమే ఎల్లిపోయాం. ఉండనిచ్చినారేటి మరి?"

"ఆ రోజు అక్కడ అడిగితే లేదన్నావేంటమ్మా?"

"కొట్టినారా అన్నావు. కొట్నేదన్నాను."

హైమావతి చేతిలోని కాయ పక్కన పెట్టింది. తల్లి గొంతులో నిష్ఠూరం లేదు. అడిగినదానికి చెప్పానన్న మామూలు గొంతు అది. న్యాయస్థానంలో తానూ చేసింది అదేనని హైమావతికి తోచింది.

ల్యాబుకు వెళ్ళి పాత గీతలన్నీ మళ్ళీ తీసింది. ఈసారి భయరేఖ కోసం వెతకలేదు, దాని చుట్టుపక్కల ఉన్నదాన్ని చూసింది. గని పట్నపు ఇళ్ళలో గీత చివరిదాకా ఎగుడుదిగుడుగానే ఉంది. కొట్లాటలు, పెళ్ళిళ్ళు, పురుళ్ళు, కదిలే రోజున ఏడుపులు, అన్నీ ఉన్నాయి. రంగూన్ ఇళ్ళలో అలా లేదు. వెళ్ళిపోవడానికి కొన్నేళ్ళ ముందునుంచే ఎత్తుపల్లాలు తగ్గుతూ, సన్నబడుతూ, చివరికి బల్లపరుపుగా అయిపోయింది. ఆ ఇళ్ళలో మనుషులు పండగ చేసుకోవడం మానేశారు, తిట్టుకోవడం కూడా మానేశారు. తొరేనా గీతల్ని తెచ్చి వాటి పక్కన పెట్టింది. ఏది ఏ ఊరిదో గుర్తుపట్టలేనంతగా కలిశాయి.

ఆ బల్లపరుపు గీతనే ఆమె మామూలు స్థితి అనుకుంది. తన తల్లి పుట్టింటిని సున్నాగా పెట్టుకుని ప్రపంచాన్నంతా కొలిచింది. అలాంటి ఇల్లు ఎక్కడ ఎదురైనా కొలబద్ద ఇక్కడేమీ జరగలేదనే చెబుతుంది. ఆ సాయంత్రం హైమావతి గీతలన్నీ మరోసారి పక్కపక్కన పెట్టి చూసింది. పైడితల్లమ్మ ఫోన్ చేసి అన్నం చల్లారిపోతోందని చెప్పాక గానీ కదల్లేదు.

హైమావతి ఇదంతా కరీముల్లాకు చెప్పింది. కొలబద్ద తప్పని ఆమె ప్రకటిస్తే మిరాన్ సేనాని లాయర్లు ఊరుకోరనీ, ఆ శిక్ష కూడా దానిమీదే నిలబడి ఉందనీ ఆయన నెమ్మదిగా చెప్పాడు.

"తొరేనా తీర్పు ఇక మారదు మేడమ్. ఒకసారి వదిలేసినవాళ్ళని అదే నేరానికి మళ్ళీ విచారించరు. ఉన్న ఒక్కటైనా నిలవనివ్వండి."

ఆయన అన్నది న్యాయమే. అందుకే హైమావతి చాలా రోజులు ఏమీ చేయలేక గడిపింది. ప్రకటిస్తే తొరేనాకు ఒరిగేదేమీ లేదు. ప్రకటించకపోతే రేపు ఇంకో లోయను ఇదే పద్ధతిలో ఖాళీ చేయిస్తారు, ఈ గోడలనే సాక్ష్యం పెడతారు. మిరాన్‌లో ఇల్లు తగలబడ్డ మనిషి తన ముందుకొచ్చి అడిగితే ఏం చెప్పాలి? ఏ వైపు చూసినా ఎవరో ఒకరికి అన్యాయం చేయక తప్పడం లేదు. తల్లిని సలహా అడగలేదు. అడిగితే ఆవిడ ఏమంటుందో తెలుసు. నిజమేదో అది రాసీమంటుంది. ఆవిడకు మిరాన్ ఎక్కడుందో తెలియదు.

చివరికి ప్రకటించింది. తన కొలబద్దను తానే వెనక్కి తీసుకుంటున్నాననీ, ఇష్టపడి వెళ్ళిన ఇళ్ళుగా తాను లెక్కవేసినవి అవి కావనీ, భయరేఖ ఉంటే బలవంతం జరిగిందని చెప్పొచ్చు గానీ, లేకపోతే జరగలేదని చెప్పకూడదనీ రాసింది. ఆ చివరి వాక్యం మొదటి వ్యాసంలోనే రాసి ఉండాల్సింది.

కనిపెట్టినావిడే వెనక్కి తీసుకున్న కొలత చెల్లదని సేనాని అప్పీలుకు వెళ్ళాడు. కొలత లేకుండా కేసు మళ్ళీ నడపాల్సి వచ్చింది. ఈసారి మిరాన్ ప్రజలు రావాల్సి వచ్చింది. మరిచిపోదామని ఎక్కడెక్కడో సర్దుకుని బతుకుతున్నవాళ్ళు బోనులో నిలబడి, ఇల్లు తగలబడ్డ సంగతి అపరిచితుల ముందు మళ్ళీ చెప్పారు. ఒక ముసలాయన చెబుతూ చెబుతూ కుప్పకూలిపోయాడు, మళ్ళీ కోలుకోలేదు. శిక్ష నిలిచింది. మనుషులు చెప్పినదాని మీద నిలిచింది. హైమావతి ఆ వార్త విని ఊపిరి పీల్చుకుంది. కానీ ఆ ముసలాయన కూతురు పేపర్లో అన్న మాటలు చదివాక, ఆ ఊపిరి కూడా తనది కాదనిపించింది. మా నాన్నచేత రెండుసార్లు ఇల్లు ఖాళీ చేయించారు అందామె.

కరీముల్లా ఏడాది పైగా ఫోన్ చేయలేదు. చేసినప్పుడు, తీసేసిన వాక్యాన్ని మళ్ళీ చేర్చడానికి సవరణ రాస్తున్నానని చెప్పాడు. సంతకాలు పెట్టే దేశాలు ఉన్నాయా అని హైమావతి అడిగింది. ఇంకా లేవన్నాడు. ఆయన గొంతు బాగా ముసలిదైపోయింది.

పైడితల్లమ్మ పోయిన తర్వాతి వేసవిలో హైమావతి ఒంటరిగా తొరేనా లోయకు వెళ్ళింది. పెట్టెలో పరికరాలేవీ పెట్టుకోలేదు. భాష తెలిసిన డ్రైవర్ని మాట్లాడుకుంది. బస్సులు తిరుగుతున్నాయి. మందులషాపు తెరిచి ఉంది. బడి నుంచి పిల్లలు అరుచుకుంటూ బయటికొస్తున్నారు, వేరే భాషలో.

ఇల్మా ఇల్లు గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. గోడలకు లేత నీలం రంగు వేశారు. వాకిట్లో ఒక పడుచు పిల్ల చంటిబిడ్డను భుజాన వేసుకుని బట్టలు ఆరేస్తోంది. అపరిచితుల్ని చూసి నవ్వి లోపలికి రమ్మంది, టీ పెట్టింది. వాళ్ళది దక్షిణాన ఎండిపోయిన ఊరట. ప్రభుత్వం ఖాళీ ఇల్లని చెప్పి ఇచ్చిందట. ఈ బిడ్డ ఇక్కడే పుట్టాడని గర్వంగా చెప్పింది.

ఇక్కడ ముందు ఇల్మా అని ఒక టీచరు ఉండేదని హైమావతి చెప్పింది. ఆ పిల్ల ఆ పేరును ఒకసారి పలికి చూసుకుంది. ఎందుకు వెళ్ళిపోయిందని అడిగింది.

ఈసారి హైమావతిని మధ్యలో ఆపేవాళ్ళు లేరు. ఉన్నదంతా చెప్పింది. మందులషాపు మూసేయడం, పొలం కాయితాలు, పెళ్ళిళ్ళు రాయకపోవడం, కుర్చీ వేసి టీ ఇచ్చి పంపిన అధికారులు, తీర్పు, ఆ తీర్పులో తన వంతు. డ్రైవరు ఒక్కోచోట మాట కోసం తడుముకుని, మళ్ళీ అందుకుంటున్నాడు. ఆ పిల్ల ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో తెలియలేదు. బిడ్డను భుజం మీంచి ఒళ్ళోకి దించుకుని గట్టిగా పట్టుకుంది. తర్వాత ఏదో అడిగింది.

డ్రైవరు బిడ్డవైపు ఒకసారి చూసి, ఇటు తిరిగాడు. హైమావతి అతనివైపు చూసింది.

"అయితే మేము వెళ్ళిపోవాలా అని అడుగుతోందమ్మా."

హైమావతికి ఇల్మా ముఖం కళ్ళముందు మెదిలింది. బల్ల మీద ఒక్కతే కూర్చుని, కోపం కూడా లేకుండా చూసిన ముఖం. ఎదురుగా ఈ పిల్ల తన జవాబు కోసం చూస్తోంది. బిడ్డ తల్లి వేలు పట్టుకుని లాగుతున్నాడు.

"వద్దు తల్లీ," అంది.

డ్రైవరు ఆ మాట చెప్పాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, ఇంకాస్త టీ పోయడానికి లేచింది. హైమావతి తల వంచుకుంది. ఆ మాట అనే హక్కు ఇల్మాది. ఈ లోకంలో ఎవరూ ఆమెను అడగకుండానే, న్యాయస్థానంలో ఒకసారి చెప్పినది చాలక, ఆమె తరపున తాను రెండోసారి జవాబు చెప్పేసింది.